వింత సినిమాకి డేటా పెట్టే ముందు ఈ 14 నిమిషాలు

మా అమలాపురం సైడు రాత్రిపూట నెట్ కాస్త బానే వస్తుంది కదా అని ఎవరో చెప్పిన, కథ సూటిగా సాగని వింత సినిమా డౌన్‌లోడ్ పెట్టడం, తీరా అరగంటకే బుర్ర వేడెక్కి ఆపేయడం, 2 జీబీ గోదాట్లో కలిసిపోవడం. అందుకే ఇప్పుడు ముందు మాయా డెరెన్, అలెగ్జాండర్ హామిడ్ 1943లో తీసిన మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్ అనే చిన్న సినిమా చూడమంటున్నా, 14 నిమిషాలే, మాటలుండవు కాబట్టి సబ్‌టైటిల్స్ గొడవ లేదు. కథ వెతక్కండి, పక్కన కాగితం పెట్టుకుని తాళంచెవి, చాకు కనపడ్డప్పుడల్లా ఓ గీత గీయండి చాలు. ముఖం ఉండాల్సిన చోట అద్దంతో ఓ మనిషి పువ్వు పట్టుకుని నడుస్తుంటే నాకైతే ఒళ్ళు జలదరించింది. అయిపోయాక మళ్ళీ చూడాలనిపిస్తే ఇలాంటి వింత సినిమానే అయిన డేవిడ్ లించ్ మల్హాలండ్ డ్రైవ్ (2001) పెట్టుకోండి, లేదంటే వదిలేయండి. పగలు అరుగు మీద ఫోన్‌లో చూస్తే మాత్రం ఇది పనిచెయ్యదు, నలుపు తెలుపు కదా, ఆ వెలుతురుకి తాళంచెవే కనపడదు.