రాళ్ళు గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే ఇంట్లో గచ్చు నుంచే మొదలుపెట్టండి

జియాలజీ అని పుస్తకం తెరిస్తే మొదటి చాప్టర్లోనే భూమి పొరల బొమ్మ వేసి క్రస్ట్, మాంటిల్, కోర్ అని బట్టీ పట్టిస్తారు, రాళ్ళు ఎప్పుడో చివర్లో వస్తాయి, అప్పటికి ఇంట్రెస్ట్ చచ్చిపోయుంటాది. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉన్నోళ్ళు ఈ వరస తిరగేసుకోవచ్చు. మనకి రాళ్ళు కాళ్ళ కిందే ఉన్నాయి, పొరల సంగతి తర్వాత చూద్దాం.

కావాల్సింది పెద్దగా ఏం లేదు: ఒక పాత చాకు, గాజు ముక్క, నిమ్మకాయ, పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్. బాత్రూం యాసిడ్ వాడితే ఇంకా బాగా తెలుస్తాది కానీ ఆరుబయటే, గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని, నీళ్ళలోకి యాసిడ్ కొంచెం కొంచెంగా పోసి పల్చన చేసుకోండి, యాసిడ్‌లోకి నీళ్ళు మాత్రం పోయొద్దు.

ముందు గచ్చు చూడండి. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, కడప నల్ల బండ ఏది పరిచినా అది సున్నపురాయే. పనికిరాని ముక్క ఒకటి తీసుకుని చాకుతో గీస్తే గీత పడతాది, యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతాది. నిమ్మరసం పడితే పాలిష్ పోయి మచ్చ పడేది కూడా అందుకే. ఇప్పుడు వంటింటి గట్టు మీద బ్లాక్ గ్రానైట్ అని అమ్మినదాని ముక్కతో ఇదే చేయండి, పొంగదు, చాకుకి లొంగదు. అది కూడా చాలాసార్లు అసలు గ్రానైట్ కాదు, డోలరైటో గాబ్రోనో అనే వేరే నల్ల రాయి అయ్యుంటాది. కాబట్టి రంగుని, షాపువాడి పేరుని రెండిటినీ నమ్మొద్దు, గీసి చూడండి, చుక్క వేసి చూడండి.

బయటికి పోవాలంటే అనంతపురం నుంచి తూర్పుకి పోయే వరస పెట్టుకోండి, ఎందుకంటే వయసు కూడా దాదాపు ఆ వరసలోనే తగ్గుతాది. గుత్తి, పెనుకొండ, లేపాక్షి వైపు గుండ్లు గుండ్లుగా ఉండే కొండలు గ్రానైట్, దానికి చుట్టం లాంటి నైస్. కొత్తగా పగిలిన ముక్క లెన్స్‌లో చూస్తే గాజులా మెరిసేది క్వార్ట్జ్, మనం పలుగురాయి అంటామే అదే, తెల్లగానో గులాబీ రంగులోనో చదునుగా మెరిసేది ఫెల్డ్‌స్పార్, నల్ల చుక్కలు మైకా లేదా హార్న్‌బ్లెండ్. గింజలు అంత పెద్దగా ఉన్నాయంటే కరిగిన రాయి కిలోమీటర్ల లోతులో నిదానంగా చల్లారిందని అర్థం, అది అగ్నిశిల. అవే గింజలు చారలు చారలుగా సాగిపోయి ఉంటే వేడికి ఒత్తిడికి మారిన నైస్, అది రూపాంతర శిల. ఈ గ్రానైట్లలో చాలావాటి వయసు 250 కోట్ల ఏళ్ళ చుట్టుపక్కల. మధ్యలో కొండని కోసినట్టు పోయే నల్లటి రాళ్ళ వరసలు కనిపిస్తే అవి డైకులు, గ్రానైట్ పగుళ్ళలోకి తర్వాత ఎక్కిన డోలరైట్.

ఆ గ్రానైట్ అరిగిపోయి, దాని మీద సముద్రం వచ్చి, కోట్ల ఏళ్ళు ఇసుక, బురద, సున్నం పేరుకుంటే వచ్చిందే కడప బేసిన్, అంటే ఆ పొరలు నిండిన పెద్ద పల్లం. వేంపల్లె దగ్గర డోలమైట్లో, అంటే మెగ్నీషియం ఉన్న సున్నపురాయి లాంటి రాయిలో, వంపులు తిరిగిన సన్నటి పొరలు వెతకండి, అవి స్ట్రోమటోలైట్లు, సూక్ష్మజీవుల చాపలు కట్టిన పొరలు. డోలమైట్ ముక్క మీద యాసిడ్ సరిగా పొంగదు, పొడి చేసి వేస్తే పొంగుతాది, సున్నపురాయికి దీనికి తేడా తెలిసేది ఇక్కడే. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు ఈ డోలమైట్లోకి మాగ్మా (కరిగిన రాయి) దూరి కాల్చిన చోట రాతినార (ఆస్బెస్టాస్) వచ్చింది, ఆ ముక్కలు పగలగొట్టొద్దు, దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

గండికోటలో పెన్నా కోసిన గోడలు క్వార్ట్జైట్. పుస్తకంలో క్వార్ట్జైట్ అంటే రూపాంతర శిల అని ఉంటాది కానీ ఇక్కడిది పెద్దగా మారలేదు, ఇసుక గింజలు సిలికాతో అతుక్కుపోయి గట్టిపడింది అంతే, అందుకే ఈ ప్రాంతపు క్వార్ట్జైట్లలో చాలాచోట్ల ఏటి ఇసుకలో ఉండే అలల గీతలు రాయి మీద అలాగే ఉన్నాయి. చాకు దిగదు, గాజుని గీస్తాది. కోటలో, గుహల్లో మాత్రం సుత్తి బయటికి తీయొద్దు. బెలుం గుహలు సున్నపురాయిలో ఏర్పడ్డాయి, 3,229 మీటర్ల పొడవు, వాననీళ్ళు గాలిలో, మట్టిలో కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పల్చటి యాసిడ్ అయి రాయిని కరిగించుకుంటూ పోయాయి, మీ గచ్చు మీద నిమ్మరసం చేసిన పనే.

తాడిపత్రి, బెలుం దగ్గర పొరలు దాదాపు పడుకుని ఉంటాయి, నంద్యాల దాటి గిద్దలూరు ఘాట్ ఎక్కి నల్లమలలోకి పోతే అక్కడి పొరలు వంగి, మడతలు పడి, కొన్నిచోట్ల నిట్టనిలువుగా ఉంటాయి. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడి ఆ పని చేసింది. ప్లేట్ టెక్టానిక్స్, అంటే భూమి పైభాగం ప్లేట్లనే పెద్ద పలకలుగా కదలడం, అర్థం కావాలంటే ఈ ఒక్క ప్రయాణం చాలు అంటాను. ఇప్పటికీ మన ప్లేటు ఏడాదికి 5 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి జరుగుతూనే ఉంది, హిమాలయాలు లేచింది ఆ గుద్దుడుకే, మనం అంచుకి దూరంగా ఉన్నాం కాబట్టి అక్కడంత భూకంపాలు మనకి లేవు.

ఇక లోపలి పొరలు. భూమి మధ్యకి 6,371 కిలోమీటర్లు, మనిషి తవ్విన లోతైన బోరు రష్యాలో కోలా దగ్గర 12 కిలోమీటర్లు దాటింది, అంతే. మన కింద క్రస్ట్ 35, 40 కిలోమీటర్ల దాకా, తర్వాత 2,900 దాకా మాంటిల్, ఆ కింద ద్రవంగా ఉన్న బయటి కోర్, మధ్యలో గట్టి కోర్. ఇదంతా ఎక్కువగా భూకంప తరంగాలు చెప్పిందే. కానీ మాంటిల్ ముక్కలు మోసుకుని పైకొచ్చిన రాయి మన వజ్రకరూరులోనే ఉంది, కింబర్లైట్, 150 కిలోమీటర్ల కంటే కింద నుంచి వజ్రాలు తెచ్చింది.

తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళకి ఒక మాట. గాజుని గీసింది కాబట్టి వజ్రమే అనుకోవద్దు, పలుగురాయి కూడా గాజుని గీస్తాది. దొరికినదానితో పలుగురాయిని గీసి చూడండి, గీత పడకపోతే అది వజ్రం కాదు. గీత పడినా వజ్రం అని ఖాయం కాదు, అప్పుడు టెస్ట్ చేయించుకోండి.

మంగంపేట ముగ్గురాయికైతే (బెరైటీస్) ఇవేమీ అక్కర్లేదు, చేత్తో ఎత్తితే చాలు, అదే సైజు పలుగురాయి కంటే బాగా బరువు. మీ మండలం కింద ఏ రాయి ఉందో తెలియాలంటే జియలాజికల్ సర్వే వాళ్ళ భూకోశ్ పోర్టల్లో మ్యాప్ తీసి పెట్టుకుని పోండి.