హాట్ స్ట్రిప్పర్‌తో రిబ్బన్ ఫైబర్ కోటింగ్ తీయడం: చెయ్యి కాలకుండా, గాజు గీరకుండా

ఫైబర్ జాయింట్‌లో లాస్ (లైట్ తగ్గిపోవడం) ఎక్కువ వస్తే అందరూ ముందు తిట్టేది ఫైబర్లను అతికించే స్ప్లైసింగ్ మెషీన్‌నే. ఎలక్ట్రోడ్లు పోయాయంటారు, ఆర్క్ కాలిబ్రేషన్ చేస్తారు, ఫైబర్ చివరని సమంగా కోసే క్లీవర్ బ్లేడ్ తిప్పుతారు. చాలాసార్లు అసలు తప్పు అంతకు ముందే, కోటింగ్ తీసే ఆ కొద్ది సెకన్లలోనే జరిగిపోయి ఉంటుంది. కాబట్టి కోటింగ్‌ని వేడి చేసి ఊడదీసే ఈ చిన్న మెషీన్, అదే హాట్ స్ట్రిప్పర్, గురించి కాస్త వివరంగానే రాస్తున్నా. సైట్‌లో కొత్త కుర్రాళ్లకు దీన్ని చేతికిచ్చి "మూత వెయ్, లాగు" అని రెండు ముక్కల్లో నేర్పించేస్తున్నారు మరి.

ముందు దీని అవసరం ఎక్కడో చూద్దాం. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో గాజు మందం 125 మైక్రాన్లు, దాని మీది అక్రిలేట్ (ఒక రకం ప్లాస్టిక్) కోటింగ్‌తో కలిపి 250. ఒక్కో కోర్ (సైట్‌లో ఫైబర్‌నే అలా అంటాం) విడిగా ఉంటే మూడు రంధ్రాల చేతి స్ట్రిప్పర్ చాలు. పెద్ద రంధ్రం పైజాకెట్‌కి, మధ్యది 900 మైక్రాన్ల బఫర్‌కి, చిన్నది 250 నుంచి 125కి. దాని స్క్రూ ఫ్యాక్టరీలోనే బిగించి పంపిస్తారు, ముట్టుకోకండి, అంతే. రిబ్బన్ సంగతి వేరు. 12 ఫైబర్లను పక్కపక్కన పేర్చి, వాటి మీద ఇంకో పొర అక్రిలేట్ పోసి పట్టీలా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఒక్క లాగుతో ఊడదీయాలంటే ఏదో ఒక కోర్ విరుగుతుంది. ఒకటి విరిగితే పన్నెండూ కోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అందుకే వేడి. కోటింగ్‌ని కొన్ని సెకన్లు మెత్తబరిచి లాగితే మొత్తం ఒక్క గొట్టంలా ఊడి వస్తుంది.

మెషీన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకవైపు ఫైబర్ హోల్డర్ కూర్చునే గూడు, ఇంకోవైపు బ్లేడ్లు, వాటి వెనకే హీటర్. రెండూ పట్టాల మీద జరుగుతాయి. మూత వేయగానే పైబ్లేడు, కిందిబ్లేడు కోటింగ్‌లోకి దిగుతాయి, గాజు దాకా మాత్రం దిగవు. మిగతా పని వేడిది, మీ చేతిది.

స్విచ్ వేసే ముందు అసలు ఆ ఫైబర్‌లో లైట్ ఉందో లేదో తేల్చుకోండి. 1310, 1490, 1550 నానోమీటర్లు, ఏదైనా కంటికి కనిపించే లైట్ కాదు, "చీకటిగానే ఉందిగా" అనుకుని కోర్ చివర చూడకండి, భూతద్దం పెట్టి అసలే చూడకండి. ఇంటర్నెట్ మాత్రమే వెళ్లే లైన్‌లో పవర్ తక్కువే గానీ, మన ఊళ్లలో కేబుల్ టీవీ సిగ్నల్ 1550 మీద ఆంప్లిఫయర్‌తో పంపుతారు కదా, దాని ఒక్కో పోర్టు నుంచి 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లు రావడం మామూలే. అది కంటికి చాలా ప్రమాదం. అవతలి ఎండ్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి ప్యాచ్ కార్డ్ (పరికరానికి గుచ్చే చిన్న ఫైబర్ తీగ) తీయించండి, ఇవతల పవర్ మీటర్‌తో చూసుకోండి. మీరు పని అయిందని చెప్పేదాకా మళ్లీ పెట్టొద్దని కూడా గట్టిగా చెప్పండి. ఆ రెండో మాట మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఆంధ్రాలో ప్రభుత్వ ఇంటర్నెట్ లైన్ ఫైబర్‌నెట్ కేబుల్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వెళ్లింది. అక్కడ నిచ్చెన మీదే స్ట్రిప్పింగ్ పెట్టుకునేవాళ్లున్నారు. వద్దు. జాయింట్ దగ్గర అదనపు కేబుల్ చుట్టి లూప్ వదిలేది కేబుల్‌ని కిందికి దించుకుని పని చేయడానికే. లైన్‌మ్యాన్‌తో మాట్లాడకుండా స్తంభం ముట్టుకోకండి, కేబుల్‌ని మోసే స్టీల్ తీగ ఎక్కడైనా లైన్‌కి తగులుతోందేమో చూడండి. తెలంగాణలో అలాంటి లైన్ టీ-ఫైబర్‌ని చాలా చోట్ల మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే వేశారు, అక్కడ ఇబ్బంది బురద, నీళ్లు. ఛాంబర్‌లోంచి కేబుల్ పైకి తీసి, తడి తుడిచి, వ్యాన్‌లోనో గొడుగు కిందో బల్ల వేసుకోండి.

బల్ల మీద నల్లటి మ్యాట్ పరవండి. తెల్లటి బల్ల మీద విరిగిన గాజు ముక్క కనిపించదు. ఫ్యాన్ ఆపేయండి, వ్యాన్‌లో అయితే గాలి కొట్టే వైపు తలుపు మూయండి. గాలికి ముక్కలు ఎగురుతాయి, హీటర్ వేడీ పోతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, చత్వారం అద్దాలు చాలవు, పక్కల నుంచి కూడా మూసి ఉండేవి కావాలి. బల్ల మీద టీ గ్లాసు, సమోసా పొట్లం, బీడీ కట్ట ఏదీ ఉండకూడదు.

ఇక ఆల్కహాల్. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలే వాడండి, శానిటైజర్ కాదు. అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, తుడిచాక గాజు మీద పొర మిగులుతుంది. ఈ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, అంటే మన దగ్గర ఏడాదిలో దాదాపు ఏ రోజైనా. నొక్కితే కొద్దిగా వచ్చే పంపు సీసాలో పోసుకుని, స్ట్రిప్పర్‌కి, స్ప్లైసింగ్ మెషీన్‌కి చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఎడంగా పెట్టుకోండి. వేడిగా ఉన్న హీటర్ మీద ఆల్కహాల్ పోసి శుభ్రం చేసే అలవాటు కొందరికి ఉంది, టైమ్ కలిసొస్తుందని. దయచేసి మానేయండి.

కరెంటు విషయానికొస్తే, మెషీన్‌తో వచ్చిన అడాప్టరో బ్యాటరీయో వాడండి. కొన్ని స్ప్లైసింగ్ మెషీన్లకు స్ట్రిప్పర్ కోసమే ఒక డీసీ సాకెట్ ఉంటుంది, దాని సొంత కేబుల్ ఉంటే అది హాయి. పిన్ సరిపోయింది కదా అని సెటప్ బాక్స్ అడాప్టర్ గుచ్చకండి, వోల్టేజీ తేడా వస్తే హీటర్ పోతుంది. బ్యాటరీ దిగిపోతున్నా మెషీన్ ఆన్‌లోనే కనిపిస్తుంది గానీ హీటర్ సరిగా వేడెక్కదు, అప్పుడు మీకు కోటింగ్ ముక్కలు ముక్కలుగా వచ్చి బ్లేడ్ మీద అనుమానం పుడుతుంది.

ఉష్ణోగ్రత సెట్టింగ్ మెషీన్ పుస్తకంలో చెప్పిందే మొదట పెట్టండి. సాధారణంగా 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. డిసెంబరు పొద్దున్న అరకులోనో చింతపల్లిలోనో పని పడితే ఒక మెట్టు పెంచాల్సి రావచ్చు, లేదా ఇంకో రెండు సెకన్లు ఆగాలి. మే నెలలో కొత్తగూడెం ఎండలో అయితే కోటింగ్ ముందే మెత్తగా ఉంటుంది. నేనైతే వేడి పెంచడం కన్నా ఆగే టైమ్ పెంచడమే మేలంటాను. వేడి ఎక్కువైతే అక్రిలేట్ బంకలా మారి గాజుకే అతుక్కుంటుంది, తర్వాత ఎంత తుడిచినా పోదు.

కేబుల్ తెరిచాక ట్యూబ్‌లోంచి రిబ్బన్ తీయగానే దాని మీద జెల్ ఉంటుంది. దాన్ని జెల్ క్లీనర్‌తో పూర్తిగా తీసి, పొడి టిష్యూతో తుడిచి, ఆఖరున ఆల్కహాల్‌తో ఒక్కసారి. ఈ మెట్టు అరకొరగా చేస్తే జెల్ హోల్డర్ రబ్బరు మీదకి ఎక్కుతుంది, లాగినప్పుడు రిబ్బన్ హోల్డర్‌లోనే జారుతుంది, కోటింగ్ మాత్రం కదలదు. మీరు ఇంకా గట్టిగా లాగుతారు. టప్. రిబ్బన్ పొడిగా ఆరాకే మెషీన్‌లోకి వెళ్లాలి.

హోల్డర్ మీ రిబ్బన్‌కి సరిపోయేదే ఉండాలి: 4కి 4ది, 8కి 8ది, 12కి 12ది. ఇప్పుడు 200 మైక్రాన్ల సన్న ఫైబర్ల రిబ్బన్లు కూడా వస్తున్నాయి, వాటిని 250 హోల్డర్‌లో పెడితే వదులుగా ఉండి పక్కకి తిరుగుతాయి. రంగుల వరస చూసుకుని పెట్టండి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, ఆక్వా. నీలం ఎటువైపు ఉండాలో రెండు ఎండ్‌లలో ఒకేలా నిర్ణయించుకోండి, లేకపోతే తర్వాత ఓటీడీఆర్ (లైన్‌లో తప్పు ఎక్కడుందో చూపే మెషీన్) దగ్గర కూర్చుని తల పట్టుకోవాలి. హోల్డర్ బయటికి సుమారు 30 మి.మీ. ఉంటే సరిపోతుంది, మెషీన్ మీద గీత ఉంటే దాన్నే నమ్మండి. అతుకుని కాపాడే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం) రిబ్బన్‌ని హోల్డర్‌లో పెట్టే ముందే ఎక్కించేయండి, అతికించాక గుర్తొస్తే చేసేదేమీ లేదు.

హోల్డర్‌ని గూట్లో పెట్టి, రిబ్బన్ బల్లపరుపుగా, మెలి లేకుండా ఉందో చూసి, ముందు హోల్డర్ వైపు మూత, తర్వాత హీటర్ వైపు మూత వేయండి. లైట్ వెలగడమో, బీప్ రావడమో మెషీన్‌ని బట్టి ఉంటుంది. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని ఆగండి. "అన్నా, ఇంకెంతసేపు" అని వెనక నుంచి ఎవరడిగినా సరే. వచ్చాక రెండు భాగాలనూ రెండు చేతులతో పట్టుకుని తిన్నగా, ఒకే వేగంతో, ఆగకుండా లాగండి. జెర్క్ ఇవ్వకూడదు, మధ్యలో ఆపకూడదు, పైకి ఎత్తకూడదు. సరిగ్గా వస్తే చేతికి బరువు తెలియదు, వెన్నలా జారి వచ్చేస్తుంది. బరువుగా తగిలితే ఆపి, మూత తీసి, ఎందుకో చూడండి. మూత తీసేటప్పుడు వేళ్లు హీటర్ పలక మీదకి పోనివ్వకండి, అది చూడటానికి చల్లగానే ఉన్నట్టుంటుంది.

ఇప్పుడు గాజుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. శుభ్రంగా వచ్చిన ఫైబర్లు సన్నటి మెరుపుగీతల్లా, ఒకదానికొకటి అంటకుండా కనిపిస్తాయి. మచ్చలు, పొడి, తోకల్లాంటివి ఉంటే కోటింగ్ మిగిలిందన్నమాట. ఆల్కహాల్ తడిపిన నూలు రాలని టిష్యూతో కోటింగ్ వైపు నుంచి చివరకి ఒకే దిశలో తుడవండి, రెండోసారికి టిష్యూ కొత్త మడత వాడండి. శుభ్రమైన గాజు టిష్యూ కింద కిర్రుమంటుంది, ఆ చప్పుడు చెవికి అలవాటైతే లెన్స్ అక్కర్లేదు. ఆ తర్వాత వేలు తగలకుండా నేరుగా క్లీవర్‌కి.

తప్పు ఎక్కడుందో విరిగిన తీరే చెబుతుంది. ప్రతిసారీ అదే నంబరు కోర్, అనుకుందాం ఐదోది, విరుగుతోందంటే బ్లేడ్ మీద ఆ చోట చిన్న ముక్క ఇరుక్కుంది, లేదా బ్లేడ్ అంచు అక్కడ ఊడింది. పక్క కోర్లు చక్కగా వస్తుంటాయి కాబట్టి ఫైబర్‌దే తప్పనుకుంటారు. ఒక్కోసారి ఒక్కో కోర్ విరుగుతుంటే లాగే చేతిలో వంకర ఉంది, లేదా హోల్డర్ సరిగా కూర్చోలేదు. ఏదీ విరగడం లేదు గానీ స్ప్లైస్ అయ్యాక మెషీన్ చేసే రెండు న్యూటన్ల లాగుడు పరీక్షలో తెగుతోందంటే గాజు మీద గీత పడుతోంది. ఇదే అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే లాస్ 0.05 డీబీ చూపించి, లాగుడు పరీక్షనూ అప్పటికి దాటేసి, రెండు వర్షాకాలాల తర్వాత తెగే జాయింట్లు ఇలాంటి గీతల వల్లే వస్తాయి. అలాంటప్పుడు బ్లేడ్ మార్చేయండి, లెక్కలు వేసుకోకుండా.

ప్రతి స్ట్రిప్ తర్వాత లోపల మిగిలిన కోటింగ్ గొట్టాన్ని బ్రష్‌తో తీసేయాలి. వదిలేస్తే హీటర్ మీద పెనానికి మాడిన దోసె ముక్కలా అంటుకుని, తర్వాతి రిబ్బన్‌కి వేడి సమంగా తగలదు. పిన్నీసు, కత్తి మొన వాడకండి. ఆల్కహాల్ క్లీనింగ్ స్విచ్ ఆపి, పూర్తిగా చల్లారాక, దూది పుల్లతోనే. బ్లేడ్ మార్చేటప్పుడు బ్యాటరీ కూడా తీయండి, పైదీ కిందిదీ జతగా మార్చండి, పాతదొకటి కొత్తదొకటి వేస్తే కోత సమంగా పడదు.

గాజు ముక్కల గురించి. కోసిన ప్రతి ముక్కనూ ట్వీజర్‌తో ఎత్తి మూత బిగించే డబ్బాలో వేయండి. కనిపించని వాటికి టేప్ ముక్క మ్యాట్ మీద అద్ది తీయండి, చేత్తో ఊడ్చకండి. చర్మంలో గుచ్చుకుంటే టార్చ్‌ని పక్క నుంచి వేయండి, మెరుస్తుంది, ట్వీజర్‌తో గుచ్చుకున్న దిశలోనే వెనక్కి లాగండి, పిండొద్దు. కంట్లో పడితే నలపకండి, శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ కంటి డాక్టర్ దగ్గరకి వెళ్లండి, గాజు అని చెప్పండి. భోజనానికి లేచే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా, ప్యాంటు దులిపి, ఆ తర్వాతే అద్దాలు తీయండి.

సాయంత్రం సర్దేటప్పుడు హీటర్ చల్లారకుండా కేసులో పెట్టి మూయకండి, ఆల్కహాల్ సీసా అదే కేసులో అసలు పెట్టకండి. ముక్కల డబ్బా నిండితే మూత చుట్టూ టేప్ వేసి, మీద "గాజు" అని రాసి ఆఫీసుకి తెచ్చేయండి. జాయింట్ పక్కన పొలం గట్టు మీద పారబోస్తే అక్కడ మేసేది పశువులు, చెప్పుల్లేకుండా తిరిగేది పిల్లలు.