చివరి పరీక్ష ఎత్తేస్తామంటే ఏమేం అడగాలి

బడి చదువు ముగిసేటప్పుడు పెట్టే పబ్లిక్ పరీక్షను రద్దు చేద్దామన్న మాట లేవగానే సగం మంది చప్పట్లు కొడతారు, మిగతా సగం హడలిపోతారు. చాలా కాలం లెక్కల పేపర్లు దిద్దినదాన్ని. ఏ పక్షమైనా చేరండి గానీ, ముందు కొంచెం పనిచేసి చేరండి.

మొదట పాత ప్రశ్నపత్రం ఒకటి ముందేసుకోండి. బట్టీ పట్టినా రాసేయగల ప్రశ్నలకు ఒక రంగు, ఆలోచిస్తే తప్ప తేలని వాటికి ఇంకో రంగు పెట్టి మార్కులు కూడండి. మొదటి రంగుకే ఎక్కువ పడ్డాయా? అయితే తగువు ఆ పేపరుతో, పరీక్షతో కాదు. పేపరు మార్చడానికి చట్టాలు మార్చనక్కర్లేదు. ఈ మాట సభల్లో ఎవరికీ రుచించదు, అది వేరే సంగతి.

తర్వాత, ఆ మార్కులు ఎవరికి దేనికి పనికొస్తున్నాయో కనుక్కోండి. చదువు పూర్తయిందని చెప్పడం ఒక పని, సీట్లకు ఏరడం మరో పని. ఇప్పటి జర్మనీలో భాగమైన ఒకప్పటి ప్రష్యా రాజ్యంలో 1788లో అబిటూర్ అనే బడి చివరి పరీక్ష పెట్టారు. 1834 నుంచి అది లేనిదే యూనివర్సిటీ గడప తొక్కనివ్వలేదు. అంటే రెండు పనులూ ఒకే కాగితం మీద పడ్డాయి. చైనాలో 1966లో ఆగిపోయిన గావ్‌కావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష 1977లో మళ్ళీ మొదలైనప్పుడు సుమారు 57 లక్షల మంది రాస్తే సీట్లు దొరికింది మూడు లక్షల లోపు మందికే. సీట్లు అంత తక్కువైనప్పుడు పరీక్ష తీసేసినా ఏరివేత ఆగదు. ఇంటర్వ్యూ రావచ్చు, సిఫార్సు రావచ్చు, ఇంకో ఎంట్రన్సు రావచ్చు. కాబట్టి సూటిగా అడగండి: రేపటి నుంచి సీటు ఎవరిస్తారు, ఏం చూసి ఇస్తారు?

"టీచర్లే మార్కులేస్తారు" అంటారు. ఇక్కడ కాస్త ఆగండి. ఇంగ్లండ్‌లో 2020లో కోవిడ్ వల్ల బడి చదువు చివర రాసే ఎ-లెవల్ పరీక్షలు జరగలేదు. టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లను అక్కడి పరీక్షలను నియంత్రించే ఆఫ్‌క్వాల్ సంస్థ ఒక సూత్రంతో సవరించింది. ఆ బడిలో గతంలో ఎలాంటి ఫలితాలు వచ్చాయన్నదానికి ఆ సూత్రం పెద్దపీట వేసింది. దాదాపు 40 శాతం గ్రేడ్లు కిందికి దిగాయి. పిల్లలు వీధికెక్కారు. ఆగస్టు 13న ఫలితాలొస్తే 17న ఆ సూత్రాన్ని వదిలేశారు. మరుసటి ఏడు టీచర్ల మాటే ఖాయం చేస్తే అన్నిటికన్నా పై గ్రేడ్లయిన ఎ, ఎ-స్టార్‌లు 44 శాతం దాటాయి. 2019లో అవి పాతిక శాతం చిల్లరే. టీచర్లు అబద్ధాలకోరులని కాదు, తన పిల్లాడికి తక్కువ వేయడానికి ఏ టీచరుకు చెయ్యాడుతుంది?

నమ్మకం కలగకపోతే మీరే పరీక్షించండి. కొన్ని జవాబులకు పేర్లు తీసేసి జిరాక్సు తీయించి, రెండు వేర్వేరు బడుల టీచర్లకు ఇవ్వండి. స్టెప్పులన్నీ సరిగ్గా ఉండి చివరి అంకె తప్పిన లెక్క ఒకటి తప్పకుండా పెట్టండి. ఐదుకు ఒకరు నాలుగు, ఇంకొకరు ఒకటి వేస్తే, ఆ తేడాను సరిచేసేది ఎవరని ప్రతిపాదించినవాళ్ళను అడగండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 1970ల మొదట్లో బయటి పరీక్షలు తీసేశారు. టీచర్ల మార్కులను పోల్చిచూసే ప్యానెళ్ళు పెట్టి దశాబ్దాలపాటు నడిపారు. చివరికి 2020లో బయటి పరీక్షను పాక్షికంగా వెనక్కి తెచ్చుకున్నారు. ఆ ప్యానెళ్ళకయ్యే మనుషులూ కాలమూ మీ ప్రతిపాదనలో రాసి ఉన్నాయా?

ప్రాజెక్టులకు మార్కులంటే మాత్రం నాకిప్పుడు అనుమానమే. ఇంట్లో రాసినది పిల్లాడు రాసిందో, ఏఐ రాసిందో ఏ టీచరూ ఖాయంగా చెప్పలేరు. అందుకే మౌఖిక పరీక్ష మీద నాకు ఆశ. ఫ్రాన్స్ 2021 నుంచి బడి చివరి పరీక్ష అయిన బాకలోరియాలో 40 శాతం ఏడాది పొడవునా వచ్చే మార్కులకిచ్చి, 60 శాతం చివరి పరీక్షలకు ఉంచింది. వాటిలో నోటితో చెప్పేదీ ఒకటుంది.

ఇక పరీక్ష ఉంచాలనేవాళ్ళను వదలొద్దు. ఆ రోజు జ్వరమొచ్చిన పిల్లకు మళ్ళీ రాసే అవకాశం ఎన్ని వారాల్లో వస్తుంది, ఆలోపు సీట్లు నిండిపోతాయా? తేదీలతో సహా రాసిమ్మనండి.