పల్లె కౌంటీలో మధ్యగత ఆదాయాన్ని ఏళ్ల తరబడి అంచనా వేయడం ఎలా?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో ఔస్లీ అనే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఉంది. 2020 జనగణన ప్రకారం దాని జనాభా 4,051. మన వైపు ఒక పెద్ద ఊరిలోనే అంతకు మించి ఉంటారు. ఇలాంటి చోట మధ్యగత ఆదాయం (సగం ఇళ్లు దానికి పైన, సగం కింద ఉండే నడిమి అంకె) ఎలా మారిందో చూపిస్తానంటూ నునుపైన గీతతో గ్రాఫు తెచ్చేవాళ్లను చూసి చూసి విసుగెత్తింది. ఇంత చిన్న కౌంటీలో నిజం అంత నునుపుగా ఉండదు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. ఎక్సెల్ చాలు. అమెరికా జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో వెబ్‌సైటులో, అది కొన్ని ఇళ్లను ఎంచి నడిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే తెరిచి బి19013 అనే పట్టిక తీసుకోండి. కౌంటీని పేరుతో కాక కోడ్‌తో వెతకండి. ఔస్లీ కోడ్ 21189. దక్షిణ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా అయినప్పుడు కోడ్ కూడా మారింది. అది తెలియక సగం ఏళ్లు ఖాళీగా వదిలేసినవాళ్లున్నారు.

కావలసింది గృహ ఆదాయం, కుటుంబ ఆదాయం కాదు. ఒంటరిగా బతికే ముసలమ్మ ఇల్లు మొదటి లెక్కలో ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. 2000 జనగణనలో ఔస్లీ గృహ మధ్యగతం 15,805 డాలర్లు, కుటుంబ మధ్యగతం 18,034. ఒక ఏటికి గృహ అంకె, తరువాతి ఏటికి కుటుంబ అంకె తీసుకుంటే కష్టపడకుండానే అభివృద్ధి కనిపిస్తుంది! ఇక తలసరి ఆదాయాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో గుణించేవాళ్లకు ఒకటే మాట: అది సగటు, మధ్యగతం కాదు.

2000 జనగణన అడిగింది 1999 ఆదాయం గురించి. కాబట్టి ఆ చుక్క 1999 మీద పెట్టాలి. 2010 జనగణన ఆదాయం అడగనే లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది, నెమ్మదిగా చదవండి. జనాభా 65,000కు తక్కువ ఉన్న కౌంటీలకు ఈ సర్వే ఈ పట్టికలో ఏటికేడు అంకెలు ఇవ్వదు. ఐదేళ్ల నమూనాను కలిపి ఒక్క అంకె ఇస్తుంది. అలాంటి ఫైలు ప్రతి ఏడాదీ కొత్తది వస్తుంది కాబట్టి జనం దాన్ని ఆ ఏటి అంకె అనుకుంటారు. 2005–09 ఫైలు, 2006–10 ఫైలు పక్కపక్కన పెట్టండి. నాలుగేళ్లు రెండింటిలోనూ ఉన్నాయి. పోయింది 2005, వచ్చింది 2010. మీరు ‘ఈ ఏడాది పెరుగుదల’ అంటున్నది ఐదేళ్ల ఎడం ఉన్న రెండు ఏళ్ల తేడా, అదీ పలచబడి.

ఒకసారి ఒక కుర్రాడు 2005–09 మొదలు 2015–19 దాకా పదకొండు చుక్కలు కలిపి తెచ్చాడు. ఎనిమిది చుక్కలు చెరిపించాను. 2005–09, 2010–14, 2015–19: ఒకదానితో ఒకటి కలవని ఫైళ్లు ఈ మూడే. మొహం ముడుచుకున్నాడు గానీ ఆ మూడే అతని సొత్తు. చుక్కల్ని గీతతో కలపవద్దు. ఒక్కొక్కటీ ఐదేళ్ల వెడల్పున్న అడ్డగీతగా వేయండి. నా పద్ధతి ఇదే, వేరేది ఒప్పుకోను.

తరువాత దోష పరిమితి, అంటే కొన్ని ఇళ్లనే అడిగినందువల్ల అంకె అటూ ఇటూ ఎంత తప్పవచ్చో చెప్పేది. పట్టికలో అంకె పక్కనే ఉంటుంది, చాలామంది ఆ గడిని దాచేస్తారు. మాటవరసకు ఒక ఫైలులో 24,000, అటూ ఇటూ 4,000. ఇంకొకదాంట్లో 28,000, అటూ ఇటూ 5,000 అనుకోండి. రెండు పరిమితులనూ వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే సుమారు 6,400. తేడా 4,000 మాత్రమే, ఆ 6,400 దాటలేదు. అంటే పెరిగిందని చెప్పడానికి వీల్లేదు. ‘కొద్దిగా పెరిగింది’ అనడానికీ వీల్లేదు. అయితే ఈ పోలికకు ముందే రెండు అంకెలనూ, వాటి పరిమితులనూ ఒకే ఏటి డాలర్లలోకి మార్చి ఉండాలి.

ఆ మార్పిడి సులువే. ఐదేళ్ల ఫైలులోని అంకె అప్పటికే చివరి ఏటి డాలర్లలో ఉంటుంది: 2005–09 అంటే 2009 డాలర్లు. మధ్య ఏడాది నుంచి లెక్క మొదలుపెడితే ద్రవ్యోల్బణాన్ని రెండుసార్లు కలిపినట్టే. పట్టణ వినియోగదారుల ధరల సూచీ 1999లో 166.6, 2019లో 255.657. ఆ లెక్కన 1999 నాటి 15,805 డాలర్లు 2019లో సుమారు 24,250కి సమానం.

ఏటికేడు అంకె కావాలని పట్టుబడితే సెన్సస్ బ్యూరోవే ‘చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు’ ఉన్నాయి. పన్ను రిటర్నులు, ఆహార సహాయ లెక్కలు సర్వేతో కలిపి గణాంక మోడల్‌తో కట్టినవి. వాటిని పైన చెప్పిన అడ్డగీతలతో ఒకే వరసలో కలపకండి, వేరే గ్రాఫు వేయండి. 2005 నుంచి వాటి వెనకున్న సర్వే మారింది, అందుకే 2004కీ 2005కీ మధ్య ఒక నిలువు గీత గీయండి. ఇవి ఏ ఏటి డాలర్లు ఆ ఏటివే, మార్పిడి మళ్లీ మీ పనే.