కలిసి రాద్దాం, జాగ్రత్తగా ప్రచురిద్దాం – 3వ పాఠం: కొత్తవారి కళ్లతో

కిందటి పాఠంలో కలం పేరు పెట్టుకున్నారు, పాస్‌వర్డు మార్చుకున్నారు. అసలు పేరుకు పుట్టిన సంవత్సరం తగిలించి కలం పేరు అనుకున్నవాళ్లుంటే, ముందు దాన్ని మార్చి రండి.

ఈ పాఠానికి మీ బృందం రాసిన ఏదైనా ఒక నివేదిక చాలు. లేకపోతే నేను కల్పించిన ఈ నాలుగు వాక్యాలు తీసుకోండి.

“మా తొమ్మిదో తరగతి బృందం చెరువు నీటిని పరీక్షిస్తోంది. ప్రతి శనివారం సాయంత్రం అయిదింటికి గట్టు మీద కలుస్తాం. అక్కడి నుంచి మా ఇల్లు రెండు నిమిషాల నడక. ఈ వారం పీహెచ్ 7.8 వచ్చింది.”

వేటికవే చూస్తే ఏ వాక్యంలోనూ తప్పు లేదు. మీరెవరో తెలియని మనిషిలా మళ్లీ చదవండి. వయసు, వారం, వేళ, చోటు, ఇల్లు అన్నీ దొరికిపోయాయి. నివేదికకు నిజంగా అవసరమైనది మాత్రం చివరి వాక్యం ఒక్కటే.

“కలుస్తాం” అన్న క్రియను చూడండి. తెలుగులో అది అలవాటునూ చెబుతుంది, రాబోయే రోజునూ చెబుతుంది. చదివినవాడికి వచ్చే శనివారం మీరెక్కడ ఉంటారో తెలిసిపోతుంది. పని పూర్తయ్యాక “ఆరు వారాల పాటు వారానికి ఒకసారి నమూనా తీశాం” అని రాయండి. శాస్త్రానికి లోటు లేదు, మీ జాడా లేదు. ఇంటి వాక్యాన్ని కొట్టేయండి, దానికి మరమ్మతు లేదు.

ఇక ఫోటో. ముగ్గురు నవ్వుతున్నారు, మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్నాయి. ముఖాలు మసక చేస్తే చాలదా అని అడుగుతారు. పెద్దది చేసి చూస్తే కార్డు మీది పేరు, బడి పేరు చదవవచ్చు. కార్డు తీసేసినా యూనిఫాం అదే మాట చెబుతుంది. నీటి సీసాను దగ్గరగా తీసిన ఫోటో ఒకటి పెట్టండి, నివేదికకు అదే ఎక్కువ పనికొస్తుంది.

కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. ఫోను కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే, ఫోటో ఫైలులోనే అక్షాంశ రేఖాంశాలు నమోదవుతాయి. అక్షాంశంలో నాలుగో దశాంశ స్థానం అంటే నేల మీద సుమారు 11 మీటర్లు. గట్టు మీద ఏ మూల నిలబడ్డారో చెప్పడానికి అది చాలు. కెమెరా సెట్టింగుల్లో ఆ అనుమతి ఆపేయండి. ఇదివరకే తీసిన ఫోటో అయితే దాని స్క్రీన్‌షాట్ తీసి వాడండి, అది కొత్త ఫైలు కాబట్టి పాత లొకేషన్ దానిలోకి రాదు.

ఉమ్మడి ఫైలు దగ్గరే చాలామంది పొరబడతారు. “లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు” అని పెట్టి పంచుకుంటారు. లింకు చేతులు మారుతూనే ఉంటుంది. బృందంలో ఉన్నవారి ఖాతాలకు మాత్రమే మార్చే అనుమతి ఇవ్వండి, మిగిలినవారికి చూసే అనుమతి చాలు. మొదటి రోజు ఎవరో ఫోను నంబరు రాసి తర్వాత చెరిపేశారనుకోండి, పాత ప్రతుల చరిత్ర తెరిస్తే అది అక్కడే ఉంటుంది. డాక్యుమెంటులో అంచులు కత్తిరించిన ఫోటో కూడా అంతే. కత్తిరించిన భాగం చాలాసార్లు ఫైలులోనే మిగిలి ఉంటుంది, ఒక్క నొక్కుతో తిరిగి వస్తుంది. అందుకే పాత ఫైలును ప్రచురించవద్దు. కొత్త ఫైలు తెరిచి, పాఠ్యాన్ని అందులోకి తెచ్చుకుని, ఫోటోను విడిగా కత్తిరించి చేర్చండి.

“తర్వాత తీసేద్దాంలే” అన్న ధీమా వద్దు. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఒక్కటే 1996 నుంచి వెబ్ పేజీల నకళ్లు భద్రపరుస్తోంది. మీ పేజీని ఎవరు ఎప్పుడు దాచుకున్నారో మీకు తెలియదు.

ఫోటోలో ఉన్న ప్రతి ఒక్కరినీ, పెట్టే ముందే అడగండి. ఒక్కరు వద్దన్నా పెట్టకండి, కారణం కూడా అడగవద్దు.

అభ్యాసం: మీ నివేదికను ఇంకో బృందంలోని ఒకరికి ఇవ్వండి. మీ గురించి ముందే తెలిసినవి పక్కన పెట్టి, కేవలం పేజీని చూసి మీ గురించి చెప్పగలిగినవన్నీ పది నిమిషాల్లో రాయమనండి. పక్కన కూర్చుని వివరించకండి, అది కష్టమే. వాళ్లు రాసిన ప్రతి సంగతికీ ఎదురుగా, అది ఏ వాక్యం నుంచి, ఏ ఫోటో నుంచి బయటపడిందో మీరు గుర్తించి రాయండి. దిద్దిన తర్వాత ఇంకొకరికి ఇచ్చి మళ్లీ చూడండి. ఆ రెండు కాగితాలూ 4వ పాఠానికి తెచ్చుకోండి. అక్కడ ఇతరుల బొమ్మలు వాడుకోవడం గురించి మాట్లాడుకుందాం.