ట్రెయిలర్ తగిలించగానే పికప్ కుంగుతోందా, ఊగుతోందా? స్ప్రింగులు కొనేముందు ఇవి చూడండి

నా దగ్గరికి వచ్చే పికప్‌లలో చాలావాటికి అప్పటికే ఎయిర్‌బ్యాగులు (వెనక స్ప్రింగులకు తోడుగా వేసే గాలి తిత్తులు) బిగించి ఉంటాయి, షాక్ అబ్జార్బర్లు మార్చి ఉంటారు, ఖరీదైన టైర్లు వేసి ఉంటారు. వేబ్రిడ్జి మాత్రం ఎక్కించి ఉండరు. ట్రెయిలర్ బరువు ఎంతని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఎక్కువేమీ ఉండదండీ." ఆ ఎక్కువేమీ లేని బరువును కిలోలలో రాసుకుని వస్తే ఈ వ్యాసంలో సగం మీకు అక్కరలేదు.

కనుక ముందుగా తూకం. ప్రయాణానికి వెళ్లే సామానంతా ఎక్కించి, మనుషులు కూర్చున్నాక, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసులు విడివిడిగా తూయించండి. తర్వాత ట్రెయిలర్ విప్పేసి బండిని ఒక్కదాన్నే మళ్లీ తూయించండి. రెండోసారి బండికి తగ్గిన బరువే హిచ్ బాల్ మీద, అంటే ట్రెయిలర్‌ను తగిలించే గుండు మీద, పడుతున్న బరువు. మామూలు ట్రెయిలర్‌కు అది మొత్తం ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంటే 2,500 కిలోల ట్రెయిలర్‌కు 250 నుంచి 375 కిలోలు.

వెనక కుంగింది, ముందు లేచింది

హెడ్‌లైట్లు చెట్లమీద పడుతుంటాయి, స్టీరింగ్ చేతికి తేలికగా తగులుతుంది. అందరూ చేసే పని వెనక ఎయిర్‌బ్యాగులు వేసి బండిని సమం చేయడం. చూడటానికి బాగుంటుంది. కానీ ఎత్తు సరిపోయినంత మాత్రాన బరువు సరిపోయినట్టు కాదు.

లెక్క చూడండి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ 1.2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. బాల్ మీద 350 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పెరిగేది 350 కాదు, సుమారు 467 కిలోలు. ఆ పై 117 కిలోలు ముందు ఇరుసు మీదనుంచి లేచి వచ్చినవి. ఎయిర్‌బ్యాగులో ఎంత గాలి కొట్టినా ఆ 117 ముందుకు తిరిగి పోదు. బ్రేకు, స్టీరింగ్ రెండూ ఎక్కువగా ఆధారపడేది ఆ ముందు చక్రాల మీదే.

దీనికి మందు బరువు పంచే హిచ్, అంటే బిగువైన కడ్డీలతో బాల్ మీది బరువులో కొంత ముందు ఇరుసుకూ ట్రెయిలర్ ఇరుసులకూ పంచే హిచ్. దాని బిగువు సరిపోయిందో లేదో టేపుతో తేలుతుంది. ట్రెయిలర్ లేనప్పుడు నేలనుంచి ముందు మడ్‌గార్డు ఎత్తు కొలవండి. ట్రెయిలర్ తగిలించి, హిచ్ కడ్డీలు బిగించకుండా ఇంకోసారి, బిగించాక మరోసారి కొలవండి. లేచిన ఎత్తులో కనీసం సగం కిందికి రావాలి. మీ బండికి కచ్చితంగా ఎంత రావాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. ఆ తర్వాత కూడా వెనక కాస్త కుంగి ఉంటే అప్పుడు ఎయిర్‌బ్యాగుల సంగతి చూడవచ్చు. అవి వేసినంత మాత్రాన బండి మోయగల గరిష్ఠ బరువు ఒక్క కిలో కూడా పెరగదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, చక్రాలు పాతవే కదా.

ట్రెయిలర్ పాములా ఊగుతోంది

బాల్ మీద బరువు 10 శాతం కన్నా తక్కువ. పదిలో తొమ్మిదిసార్లు కథ ఇంతే. బరువైన సామాను ట్రెయిలర్ ఇరుసులకు ముందువైపుకు జరపండి, సుమారు 60 శాతం అటు ఉండేలా. ఊగుడు ఆపే కడ్డీలు కొనడం దీని తర్వాతి మాట. సామాను తప్పుగా ఎక్కించి కడ్డీలు బిగిస్తే ఊగుడు పోదు, కాస్త ఎక్కువ వేగం దాకా దాగి ఉంటుంది, అంతే.

దారిలో ఊగడం మొదలైతే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి, బండి బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, చేతి కంట్రోలర్‌తో ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే మెల్లగా వేయండి.

అన్నీ మార్చాను, అయినా బండి తేలిపోతోంది

అసలు రాయాలనుకున్నది దీని గురించే. కొత్త కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు), కొత్త షాకులు, గట్టి టైర్లు, బరువు పంచే హిచ్, అన్నీ ఉన్నాయి. తూకం సరిగానే ఉంది. అయినా నేరుగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్‌ను అటూ ఇటూ సర్దుతూనే ఉండాలి. పక్కనుంచి లారీ దాటితే బండి ఒక్కసారి పక్కకు ఒరిగి, ఆలస్యంగా తేరుకుంటుంది. చిత్రమేమిటంటే పాత టైర్లతో ఇంత లేదు. దాంతో మనిషి అలైన్‌మెంట్ చేయిస్తాడు, స్టీరింగ్ డ్యాంపర్ మారుస్తాడు, వెనక యాంటీ రోల్ బార్ వేయిస్తాడు. ఏదీ పనిచేయదు.

దోషం టైర్లలోని గాలిది. టైర్ల షాపులో కొత్త టైర్లు బిగించి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూసి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి పంపిస్తారు. ఆ అంకె రాసింది బండితో వచ్చిన టైర్లకు. తేలికరకం పికప్‌లు చాలావరకు కార్ల కోవకు చెందిన టైర్లతో వస్తాయి. సైజుకు ముందు 'పి' ఉంటుంది లేదా అక్షరమే ఉండదు. మీరు ఇప్పుడు వేసినవి 'ఎల్‌టీ' అని మొదలయ్యే ట్రక్కు టైర్లు. ఒకే గాలి దగ్గర ఎల్‌టీ టైరు పాతదానికన్నా తక్కువ బరువు మోస్తుంది. నమ్మరు, నాకు తెలుసు. దాని బలమంతా ఎక్కువ గాలిని పట్టి ఉంచగలగడంలో ఉంది. ఆ గాలే కొట్టకపోతే బలం ఎక్కడిది?

275/65ఆర్18 సైజు తీసుకోండి. పి రకంలో లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) 116 అయితే 1,250 కిలోలు. ఆ రకం టైరును పికప్ వంటి ట్రక్కుకు వాడినప్పుడు 1.10తో భాగించాలన్నది నియమం, అంటే 1,136 కిలోలు. అదీ 35 పీఎస్ఐ దగ్గర. అదే సైజులో ఎల్‌టీ టైరు అంత బరువు, 1,150 కిలోలు, మోయాలంటే 50 పీఎస్ఐ కావాలి. లోడ్ రేంజ్ (టైరు బలాన్ని తెలిపే అక్షరం) 'ఇ' ఉన్న టైరు గొప్పగా చెప్పుకునే 1,550 కిలోలు 80 పీఎస్ఐ దగ్గరి మాట. మీరు 35 దగ్గర నడుపుతున్నారు. ట్రెయిలర్ తగిలించి!

టైరు గాలి హెచ్చరిక దీపం వెలగలేదు కదా అంటారు. అది వెలగదు. చాలా బండ్లలో ఆ దీపం స్టిక్కరు అంకెకన్నా 25 శాతం తగ్గినప్పుడే వెలుగుతుంది. 35కు లెక్క కట్టిన దీపానికి 26 వచ్చేదాకా అంతా క్షేమమే. కంటితో చూసినా తెలియదు, ఎల్‌టీ టైరు పక్కభాగం గట్టిది కనుక గాలి తక్కువైనా పొట్ట జారదు. తెలిసేది దిగి చెయ్యి పెడితేనే. గంటసేపు లాగాక టైరు భుజాలు (నేలను తాకే భాగపు రెండు అంచులు) మధ్యభాగంకన్నా స్పష్టంగా వేడిగా ఉంటాయి. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక రెండు భుజాలూ అరిగి మధ్యలో నిండుగా మిగులుతుంది. అప్పటికి ఆలస్యమే.

సరిచేయడం కష్టం కాదు. బండి నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టండి. వేడెక్కిన టైరులో గాలి పెరగడం సహజం, దాన్ని చూసి గాలి తీసేయకండి. వేబ్రిడ్జి చీటీలోని ఇరుసు బరువును రెండుతో భాగించండి. రెండు పక్కలా బరువు సమంగా ఉండదు కనుక కాస్త కలుపుకోండి. టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టికలో మీ సైజు వరుస వెతికి, ఆ బరువుకు ఎదురుగా ఉన్న గాలి కొట్టండి. ముందుకు, వెనకకు అంకె వేరుగా వస్తుంది, రావాలి కూడా. భారీరకం పికప్ అయి, స్టిక్కరు మీదే ఎల్‌టీ అని రాసి ఉంటే ఆ అంకెనే నమ్మండి, ఈ గొడవంతా మీకు లేదు.

ఇంకో చిన్న విషయం, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్ఐ వరకే. 80 కొట్టాలనుకుంటే అధిక ఒత్తిడి వాల్వులో, లోహపు వాల్వులో వేయించండి. రిమ్ములకూ ఒక హద్దు ఉంటుంది, అది కూడా చూడండి.

ఖాళీగా ఉన్నప్పుడు గుంతల్లో ఎగిరిపడుతోంది

ట్రెయిలర్ విప్పాక గాలి తగ్గించలేదు. పట్టిక మళ్లీ చూడండి, ఈసారి ఖాళీ బరువుతో. ఎయిర్‌బ్యాగులను కూడా తయారీదారు చెప్పిన కనీస గాలికి దించండి. పూర్తిగా ఖాళీ చేయకండి, నలిగి చిరుగుతాయి.

మలుపులో ఒక పక్కకు ఒరిగిపోతోంది

రెండు ఎయిర్‌బ్యాగులనూ ఒకే గొట్టానికి కలిపారేమో చూడండి. బరువు పడ్డ బ్యాగు నుంచి గాలి రెండోదాంట్లోకి పారిపోతుంది. గొట్టాలు విడదీసి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పెట్టండి.

ముందు వెనక ఉయ్యాలలా ఊగుతోంది

షాకులు పోయాయి, లేదా పెరిగిన స్ప్రింగు బలానికి పాత షాకులు చాలడం లేదు. మార్చండి.

పెద్ద టైర్లు వేశాక లాగడం లేదు

టైరు వ్యాసం పెరిగితే గేరు నిష్పత్తి తగ్గినట్టే. ఎత్తు పెరిగితే బాల్ కూడా పైకి పోయి ట్రెయిలర్ ముక్కు లేస్తుంది, దానికి కిందికి వంగిన హిచ్ కావాలి. లాగడమే పనైతే పాత వ్యాసానికే కట్టుబడి, లోడ్ రేంజ్ మాత్రం పెంచండి. లోతైన గళ్ల మట్టి టైర్లు చూడముచ్చటగానే ఉంటాయి కానీ బరువు కింద ఆ గళ్లు మెలికలు తిరుగుతాయి.

ఇక వంగిన ఇరుసు, విరిగిన కమాన్ నడిమి బోల్టు, పగిలిన ఫ్రేము వంటివి. ఉంటాయి, అరుదు. పైవన్నీ చూశాక కూడా బండి ఒక పక్కకే లాగుతుంటే అప్పుడు లిఫ్టు మీదికి ఎక్కించండి. ఎక్కించినప్పుడు కమాన్ కట్టల యూ-బోల్టులు టార్క్ రెంచితో తప్పక చూడండి. కొత్తవి బిగించాక కొన్ని వందల కిలోమీటర్లకు సర్దుకుని వదులవుతాయి, మళ్లీ బిగించాలని బిగించినవాళ్లు చెప్పి ఉండరు.