ఇంప్లాంట్ల మీద నిలిచే కట్టుడు పళ్ళు: పట్టు తప్పినప్పుడు లోపం ఎక్కడ వెతకాలి

ఇంప్లాంట్ల ఆధారంతో నిలిచే పళ్ళ సెట్టులో లోపం వెతకవలసిన చోట్లు మూడు. ఎముకలో పాతుకుపోయిన టైటానియం ఇంప్లాంట్ మొదటిది. దాని మీద స్క్రూతో బిగించిన, చిగురు పైన బొత్తంలా కనిపించే అబట్‌మెంట్ రెండోది. రోజూ తీసి పెట్టుకునే సెట్టు మూడోది. సెట్టు లోపలి వైపు చిన్న లోహపు గిన్నె, అందులో నైలాన్ వలయం ఉంటాయి. సెట్టును నొక్కినప్పుడు టిక్కుమని చప్పుడు చేస్తూ అబట్‌మెంట్ తలను పట్టుకునేది ఆ నైలానే. కొందరికి రెండు ఇంప్లాంట్లను కలుపుతూ లోహపు బార్, దానికి తగిన క్లిప్పు ఉంటాయి. మరికొందరికి గుండు తల, దానికి రబ్బరు రింగు ఉంటాయి. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్ళన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా తీసుకోవాలని ప్రకటించారు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా అటువంటి సెట్టు గురించే. స్క్రూలతో శాశ్వతంగా బిగించేసిన పళ్ళ సమస్యలు వేరు.

పట్టు తగ్గగానే అందరి చూపూ నైలాన్ మీదికే పోతుంది. దాన్ని మార్చడం కొద్ది నిమిషాల పని, మార్చగానే గుణం కూడా కనిపిస్తుంది. అయితే నైలాన్ అరుగుదల చాలాసార్లు లక్షణమే తప్ప అసలు జబ్బు అది కాదు. ఏడాది పాటు నిలవవలసిన వలయం రెండు నెలలకే అరిగిపోతూ ఉంటే, సెట్టు అడుగు భాగం చిగురు మీద సరిగా ఆనడం లేదేమోనని ముందు అనుమానించాలి.

సెట్టు వదులైంది, టిక్కుమని కూర్చోవడం లేదు

ఇది నిన్నటి దాకా బాగుండి ఈ రోజే మొదలైతే, కారణం చాలా చిన్నదై ఉండవచ్చు. నైలాన్ వలయంతో పట్టుకునే లొకేటర్ రకం అబట్‌మెంట్ తల మధ్యలో గుంట ఉంటుంది; అందులో ఆహారపు తునక ఇరుక్కుని గట్టిపడితే నైలాన్ లోపలికి దిగదు, సెట్టు పైపైనే నిలుస్తుంది. అద్దంలో చూస్తే మెరవవలసిన లోహం మధ్య తెల్లటి లేదా గోధుమరంగు చుక్కలా కనిపిస్తుంది. మెత్తటి బ్రష్షును తడిపి గుండ్రంగా తిప్పితే అది ఊడి వస్తుంది. సూది, గుండుసూది, టూత్‌పిక్ వంటివి వాడి లోహం మీద గీతలు పెట్టకూడదు.

గుంట శుభ్రంగా ఉండి, పట్టు వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చినట్లయితే నైలాన్ అరిగిందని అర్థం. సెట్టును తిరగేసి వెలుతురులో వలయాన్ని పరిశీలించండి. అంచు చుట్టూ సమానంగా నున్నబడి ఉంటే అది సహజమైన అరుగుదలే. వలయం మార్చితే సరిపోతుంది. ఒక పక్క మాత్రమే నెలవంకలా పలచబడి, ఎదుటి పక్క కొత్తదానిలా ఉంటే, సెట్టు ఒకే దిశలో ఊగుతోందనో, ఇంప్లాంట్లు ఒకదానికొకటి సమాంతరంగా లేవనో అనుకోవాలి. సమాంతరంగా లేని ఇంప్లాంట్ల కోసం వేరే రకం వలయాలున్నాయి. సాధారణ వలయాన్నే పదే పదే మార్చుతూ పోతే ఫలితం ఉండదు. సాధారణ వలయాల్లో నీలం రంగుది తక్కువ పట్టు, గులాబీది మధ్యస్థం, పారదర్శకమైనది ఎక్కువ పట్టు ఇస్తాయి. ఎక్కువ పట్టు ఉంటే మేలని చాలామంది అడిగి మరీ వేయించుకుంటారు. వేళ్ళలో బలం తగ్గినవారికి ఆ సెట్టు తీయడమే గండంగా మారుతుంది, తీసిన ప్రతిసారీ అబట్‌మెంట్ మీద లాగుడు పడుతుంది. సెట్టు కదలకుండా నిలిచే అతి తక్కువ పట్టే సరైన పట్టని నా అభిప్రాయం.

వలయం మార్చిన కొద్దికాలానికే మళ్ళీ వదులైతే, అద్దం ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సెట్టు పెట్టుకుని, రెండు చూపుడు వేళ్ళను కింది వెనుక పళ్ళ మీద ఉంచి నెమ్మదిగా నొక్కండి. వెనుక భాగం దిగబడి, ముందు పళ్ళు కంటికి తెలిసేంతగా పైకి లేస్తే అసలు లోపం దొరికినట్టే. కింది దవడలో ఇంప్లాంట్లు సాధారణంగా ముందు భాగంలో ఉంటాయి. వాటి చుట్టూ ఎముక నిలబడుతుంది, వెనుక ఆధారం లేని ఎముక మాత్రం ఏళ్ళ తరబడి కరుగుతూనే ఉంటుంది. దానితో సెట్టు అడుగుకూ చిగురుకూ మధ్య ఖాళీ ఏర్పడి, నమిలిన ప్రతిసారీ సెట్టు ఆ రెండు ఇంప్లాంట్ల మీద త్రాసు కాడలా పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపంతా నైలాన్ మీద పడుతుంది. దీనికి పరిష్కారం రీలైనింగ్, అంటే చిగురు ఇప్పటి ఆకృతికి అచ్చు తీసి సెట్టు అడుగుకు కొత్త పొర వేయడం. ముందు రీలైనింగ్, ఆ తర్వాతే కొత్త వలయాలు. వరుస తలకిందులైతే కొత్త వలయాలు కూడా పాతవాటి దారే పడతాయి. ఇంట్లోనే వేసుకునే రీలైనింగ్ కిట్లను ఇంప్లాంట్ సెట్టుకు వాడకూడదు. ఆ మెత్తటి పదార్థం అబట్‌మెంట్ మెడ చుట్టూ దిగి గట్టిపడితే సెట్టు నోట్లోనే బిగుసుకుపోతుంది. పట్టు కోసం జిగురు పూయడం లోపాన్ని కొన్నాళ్ళు కప్పిపెడుతుందే గాని సరిచేయదు.

ఒకవైపే పట్టు పోయి, లోహపు గిన్నె సెట్టులోంచి ఊడి అబట్‌మెంట్ మీదే ఉండిపోయినట్లయితే దాన్ని పారేయవద్దు, జిగురుతో అంటించుకోనూ వద్దు. వైద్యుడు దాన్ని నోట్లో సరైన స్థానంలో ఉంచి, అబట్‌మెంట్ మెడను మూసి, సెట్టు తయారీకి వాడే ప్లాస్టిక్ అయిన యాక్రిలిక్‌తో మళ్ళీ సెట్టులో కలుపుతారు.

అలవాట్ల వల్ల జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. సెట్టును నోట్లో పెట్టుకుని పళ్ళతో కొరికి కూర్చోబెట్టడం అందరూ చేసే పొరపాటు. కొరికినప్పుడు సెట్టు కాస్త వాలుగా దిగి నైలాన్ అంచును చెక్కేస్తుంది. రెండు వైపులా వేళ్ళతో సమానంగా నొక్కాలి. శుభ్రం చేయడానికి క్లోరిన్ బ్లీచ్ కలిపిన నీరు వాడితే నైలాన్ పట్టు తగ్గిపోతుంది. మరిగే నీటిలో వేస్తే యాక్రిలిక్ ఆకారమే మారుతుంది.

అబట్‌మెంట్ కదులుతోంది

ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: కదిలేది అబట్‌మెంటా, ఇంప్లాంటా? చేతికి రెండూ ఒకేలా తెలుస్తాయి కనుక ఇంట్లో తేల్చడం సాధ్యం కాదు. పట్టకారుతో బిగించే ప్రయత్నం అసలే చేయకూడదు. స్క్రూ వదులైతే వైద్యుడు దాన్ని తీసి, శుభ్రం చేసి, తయారీదారు నిర్ణయించిన బలంతో టార్క్ రెంచ్ సాయంతో మళ్ళీ బిగిస్తారు. అంతటితో పని పూర్తవుతుంది. అయితే స్క్రూ ఎందుకు వదులైందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. జవాబు చాలాసార్లు పైన చెప్పిన ఊగుడులోనే దొరుకుతుంది.

కదిలేది ఇంప్లాంటే అయితే విషయం వేరు. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల్లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఎముకతో కలిసిపోయి ఊడి రాకపోవడాన్ని గమనించారు. 1965లో మొదటి రోగికి ఇంప్లాంట్లు అమర్చారు. పద్ధతి అంతా ఆ కలయిక మీదే ఆధారపడి ఉంది. సహజ దంతానికీ ఎముకకూ మధ్య పలచటి నారపొర ఉంటుంది కనుక ఆ దంతం కొద్దిగా కదలడంలో వింత లేదు. ఇంప్లాంట్‌కు అటువంటి పొర లేదు. అది ఎంత కొద్దిగా కదిలినా ఎముకతో కలయిక పోయిందని, లేదా అసలు ఏర్పడనేలేదని అర్థం. అటువంటప్పుడు దాన్ని తీసివేసి, ఎముక మానాక కొత్తది పెట్టడం తప్ప మరో మార్గం లేదు. ఈ లోగా ఆ ఇంప్లాంట్‌తో సెట్టుకు సంబంధం లేకుండా, సెట్టు లోపల దానికి ఎదురుగా ఉన్న వలయాన్ని వైద్యుడితో తీయించుకోవాలి.

అబట్‌మెంట్ చుట్టూ చిగురు ఎర్రగా ఉంది, తోమితే రక్తం వస్తోంది

పాచి పేరుకోవడమే ప్రధాన కారణం. రక్తం వస్తోందని తోమడం మానేస్తారు. దానితో పాచి ఇంకా పెరుగుతుంది. వాపు చిగురు వరకే ఉన్న దశలో, గార తీయించుకుని, మెత్తటి బ్రష్షుతో అబట్‌మెంట్ నాలుగు వైపులా రోజుకు రెండుసార్లు శుభ్రం చేస్తే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. బార్ ఉన్నవారు దాని కింద ఫ్లాస్ లేదా సన్నని బ్రష్షు దూర్చి తోమాలి.

దీన్ని వదిలేస్తే ఎముక కరగడం మొదలవుతుంది. అప్పటికీ నొప్పి ఉండకపోవచ్చు, అదే దీనిలోని మోసం. చీము రావడం, ఇంప్లాంట్ మరలు చిగురు పైకి కనిపించడం, ఎక్స్‌రేలో ఇంప్లాంట్ చుట్టూ గిన్నెలా పల్లం ఏర్పడడం ఆ దశకు గుర్తులు. పోయిన ఎముక బ్రష్షుతో తిరిగి రాదు. లోతుగా శుభ్రం చేయడం, కొన్నిసార్లు శస్త్రచికిత్స అవసరమవుతాయి. పొగతాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో ఈ ప్రమాదం ఎక్కువ కనుక చికిత్స నోటితోనే ఆగకూడదు. ఏమీ తోచకపోయినా ఏడాదికొకసారి ఎక్స్‌రే తీయించుకుంటే, పాత దానితో పోల్చి చూడడానికి ఆధారం ఉంటుంది.

సెట్టు కింద పుండు, లేదా చిగురంతా ఎర్రబారడం

కొత్త సెట్టు ఒక చోట ఒత్తుకుని పుండు పడితే, వైద్యుడు ఒత్తిడి చూపే పేస్టు పూసి ఆ చోటును గుర్తించి కొద్దిగా అరగదీస్తారు. పాత సెట్టు కింద కొత్తగా పుండు పడితే, అది కూడా సెట్టు దిగబడిందనడానికి సంకేతమే. సెట్టు తీసి ఉంచినా రెండు వారాల్లో మానని పుండును తప్పకుండా పరీక్ష చేయించాలి.

ఒక చోటనే కాక సెట్టు ఆనిన మేరంతా ఎర్రబడి ఉంటే, అది తరచుగా కాండిడా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. సెట్టుతోనే నిద్రపోవడం దీనికి ముఖ్య కారణం. రాత్రి తీసి, శుభ్రం చేసి, నీటిలో ఉంచాలి. శిలీంధ్ర నివారణ మందుగా మైకోనజోల్ జెల్ రాసిచ్చినప్పుడు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి; ఆ రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

సెట్టు విరిగింది

ఇంప్లాంట్ సెట్టు తరచుగా లోహపు గిన్నె ఉన్న చోటే పగులుతుంది, ఎందుకంటే అక్కడ యాక్రిలిక్ పలచగా ఉంటుంది. సూపర్‌గ్లూతో అంటిస్తే ముక్కలు వెంట్రుకవాసి పక్కకు జరిగి అతుక్కుంటాయి, తర్వాత ల్యాబ్‌లో సరిగ్గా జతచేయడం కష్టమవుతుంది. ముక్కలన్నీ ఏరి అలాగే తీసుకెళ్ళాలి. అదే చోట రెండోసారి పగిలితే అతుకు వేయించడంలో అర్థం లేదు. లోపల లోహపు చట్రం ఉన్న సెట్టు చేయించుకోవాలి. చేజారి పగలకుండా, కింద నీళ్ళ గిన్నె గాని మడత పెట్టిన తువ్వాలు గాని ఉంచి సెట్టును కడగడం మంచిది.

కింది సెట్టు బాగుంది, పై సెట్టు జారుతోంది

కింది ఇంప్లాంట్లు పెట్టించుకున్న కొన్నేళ్ళకు మామూలు పై సెట్టు ఊడిపడుతోందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కింది ముందు పళ్ళకు బలం రాగానే నమలడం ముందుకు జరుగుతుంది. ఆ ఒత్తిడికి పై దవడ ముందు ఎముక కరిగి చిగురు మెత్తగా జారుడుగా మారుతుంది. రెండు వైపులా వెనుక పళ్ళు సమానంగా తగిలేలా సరిచేయించి, పై సెట్టుకు రీలైనింగ్ చేయించాలి. పైన కూడా ఇంప్లాంట్లు పెట్టించాలనుకుంటే, అక్కడి ఎముక మెత్తన కనుక సాధారణంగా నాలుగు అవసరమవుతాయి.

మాట తేడా, చెంప కొరుక్కోవడం

మాట్లాడేటప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ టకటకమని తగులుతుంటే సెట్టు ఎత్తు ఎక్కువైంది, సరిచేయించాలి. ‘స’ పలికేటప్పుడు ఈల వస్తే కొన్ని వారాలు గట్టిగా చదవడం సాధన చేసి చూడవచ్చు. చెంప పదే పదే తెగుతుంటే వెనుక పళ్ళ అమరిక మార్చాలి.

ఆగకుండా వెళ్ళవలసిన సందర్భాలు

ఇంప్లాంట్ పెట్టిన రోజు మత్తు దిగాల్సిన వేళ దాటినా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే, నరం మీద ఒత్తిడి పడి ఉండవచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ముఖం వాచి జ్వరం రావడం, నోరు తెరుచుకోకపోవడం, మింగడం కష్టం కావడం కూడా అత్యవసరమే. ఎముకలు గుల్లబారే జబ్బుకు బిస్ఫాస్ఫొనేట్లు లేదా డెనోసుమాబ్ వాడేవారు, నోట్లో ఎముక బయటపడినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఇంప్లాంట్ తీయించుకునే ముందు కూడా ఆ మందుల సంగతి తప్పక చెప్పాలి.

ఏ సమస్యతో వెళ్ళినా, వేరే వైద్యుడి దగ్గరికి వెళ్ళవలసి వచ్చినా, ఇంప్లాంట్ తయారీదారు పేరు, మోడల్, వ్యాసం, పెట్టిన తేదీ రాసి ఉన్న కార్డు వెంట ఉండాలి. ఒక కంపెనీ అబట్‌మెంట్‌కు సరిపోయే స్క్రూడ్రైవర్ మరొక కంపెనీ దానికి సరిపోకపోవచ్చు. కార్డు లేకపోతే రెండు నిమిషాల్లో బిగించగలిగే స్క్రూ కోసం ఎక్స్‌రే చూసి మోడల్ గుర్తుపట్టే పని మొదలవుతుంది.